‘అన్నీ ఒకే లారీలో కలిపేస్తారుగా’ అనే మాట గురించి

ప్రశ్న క్లుప్తంగా: “బెంగళూరులో ఎంబీఏ చేస్తున్నాను. సర్క్యులర్ ఎకానమీ, అంటే వస్తువుని వాడి పడేయకుండా మళ్లీ మళ్లీ వాడుకలో తిప్పే పద్ధతి, దాని మీద ప్రాజెక్టు. మేముండే అపార్ట్‌మెంట్‌లో సర్వే చేస్తే పర్యావరణం ముఖ్యమేనని దాదాపు అందరూ టిక్కు పెట్టారు. కింద చెత్త గదిలోకి వెళ్లి చూస్తే మాత్రం అన్నీ కలిసే ఉన్నాయి. చెత్త వేరు చేయడం, రిపేరు చేయించి వాడుకోవడం, సెకండ్ హ్యాండ్ కొనడం లాంటి అలవాట్ల వైపు జనాన్ని నిజంగా కదిలించేది ఏమిటి? డబ్బు, చట్టం, స్పృహ... వీటిలో ఏది?”

మీ సర్వేకి జవాబిచ్చినవాళ్లు అబద్ధం చెప్పారని నేననుకోను. పర్యావరణం ముఖ్యమా అని ఎవరైనా కాగితం పట్టుకుని అడిగితే కాదని ఎవరంటారు? పెద్దవాళ్లని గౌరవించాలా అని అడిగినట్టే ఉంటుంది. కాకపోతే ఆ జవాబుకీ, రాత్రి తొమ్మిదిన్నరకి బిర్యానీ పార్సిల్ డబ్బా చేతిలో పట్టుకుని సింకు ముందు నిలబడ్డ మనిషికీ పెద్దగా సంబంధం ఉండదు. డబ్బా కడగాలా, అలాగే పడేయాలా అన్నది తేలేది ఆ సింకు దగ్గరే.

నేను మారతహళ్లి దగ్గర ఉంటాను. మాది అనంతపురం. 2012లో మా బిల్డింగు చెత్త పని నెత్తినేసుకున్నాను. తర్వాత బెళ్లందూరు, వైట్‌ఫీల్డ్, హెచ్ఎస్ఆర్ లేఅవుట్ వైపు అసోసియేషన్లు పిలిస్తే వెళ్లి వాళ్లకీ ఏర్పాట్లు చేసి పెడుతున్నాను. ఇంట్లో హాల్లో కన్నా జనాల బేస్‌మెంట్లలోనే ఎక్కువ ఉంటానని మా ఆయన వెటకారం. కాబట్టి నేను చెప్పేది చాలావరకు చూసి తెలుసుకున్నది, కొంత చదివింది.

డబ్బు, చట్టం, స్పృహ మూడూ పనిచేస్తాయి. మూడూ ఒక్కోసారి ఎదురు కూడా తిరుగుతాయి. వాటికన్నా గట్టిదాన్ని నేనొకటి చూశాను, దాన్ని సర్వేల్లో ఎవరూ అడగరు. తను పడ్డ కష్టం చివరిదాకా నిలుస్తుందా, మధ్యలో ఎవరైనా గంగలో కలుపుతారా అన్న లెక్క ప్రతి మనిషీ లోపల వేసుకుంటూనే ఉంటాడు. నిలుస్తుందని నమ్మితే బద్ధకస్తుడు కూడా చేస్తాడు. నమ్మకపోతే పర్యావరణ దినోత్సవం నాడు మైకు పట్టుకుని మాట్లాడినావిడ కూడా చేయదు.

ఈ పదమూడు, పధ్నాలుగేళ్లలో నేను ఎక్కువసార్లు విన్న వాక్యం ఒకటుంది. తెలుగు, కన్నడ, హిందీ, తమిళం అన్నిట్లోనూ విన్నాను. “మనం ఎంత వేరు చేసినా చివరికి అన్నీ ఒకే లారీలో కలిపేస్తారుగా.” కొందరికి అది సాకు. చాలామందికి మాత్రం కళ్లారా చూసిన సంగతి.

మా బిల్డింగులో జరిగింది చెప్తాను. దానికి ముందు ఊరి సంగతి రెండు ముక్కలు. 2012లో మావళ్లిపుర డంపింగ్ యార్డు మూతపడేసరికి బెంగళూరు వీధుల్లో చెత్త గుట్టలు పడ్డాయి. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి ఇంట్లోనే వేరు చేయడం తప్పనిసరి అన్నారు. చెత్తంతా మండూరుకు మళ్లింది. ఆ ఊరివాళ్లు భరించి, భరించి తిరగబడితే 2014 చివర అక్కడా ఆపారు. 2015 డిసెంబరులో హైకోర్టు ‘రెండు బుట్టలు, ఒక సంచి’ పద్ధతి పాటించాలని చెప్పింది. ఆకుపచ్చ బుట్టలో తడి చెత్త, ఎర్ర బుట్టలో శానిటరీ ప్యాడ్లు, డైపర్ల లాంటివి, సంచిలో పొడి చెత్త. ఇక్కడి కన్నడంలో తడి చెత్త హసి కస, పొడి చెత్త ఒణ కస.

మేం 2016లో గట్టిగా మొదలుపెట్టాం. మూడు నెలలు మీటింగులు, ప్రొజెక్టర్ మీద తాబేళ్ల బొమ్మలు, పిల్లలతో పోస్టర్లు. బుట్టలు పంచాం. మూడు వారాలు బ్రహ్మాండంగా నడిచింది. నాలుగో వారం ఒక పొద్దున రెండో అంతస్తులో ఉండే రిటైర్డ్ బ్యాంకు మేనేజరుగారు బాల్కనీలో కాఫీ తాగుతున్నారు. కింద కాంట్రాక్టరు లారీ వాడు తడి డ్రమ్మునీ పొడి డ్రమ్మునీ ఒకదాని మీద ఒకటి బోర్లించాడు. ఆయన ఫోన్‌లో వీడియో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. నలభై సెకన్లు ఉంటుందేమో. పక్కన ఒక్క ముక్క కూడా రాయలేదు, చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టారంతే. సాయంత్రానికి మా మూడు నెలల కష్టం ముగిసిపోయింది. మర్నాడు బుట్టల్లో అన్నీ కలిసే వచ్చాయి.

నాకు కోపం ఆయన మీద రాలేదు, నా మీదే వచ్చింది. జనం మనసు మార్చడానికి మూడు నెలలు ఖర్చు పెట్టి, లారీ ఎక్కడికి పోతుందో కనుక్కోవడానికి మూడు గంటలు కూడా పెట్టలేదు నేను.

ఆ తర్వాత మీటింగులు మానేశాం. పొడి చెత్తని మా వార్డులో ఉన్న పొడి చెత్త సేకరణ కేంద్రానికి నేరుగా పంపే ఏర్పాటు చేసుకున్నాం. ఇలాంటి కేంద్రాలను ఒకప్పుడు వీధుల్లో చెత్త ఏరుకుని బతికినవాళ్లే చాలాచోట్ల నడుపుతున్నారు. ఒక శనివారం ఎనిమిది మందిని రెండు కార్లలో ఎక్కించుకుని అక్కడికి తీసుకెళ్లాను, మేనేజరుగారితో సహా. రేకుల షెడ్డు, లోపల వేడి. ఒక మూల తెల్ల కాగితం, ఒక మూల అట్టపెట్టెలు, ఇంకో చోట నీళ్ల బాటిళ్లు, పాల ప్యాకెట్లు, జ్యూస్ డబ్బాలు, గట్టి ప్లాస్టిక్కు. అన్నీ వేరువేరు గోనెల్లో. నడిపే ఆవిడ మాతో తెలుగులో మాట్లాడింది. అందులో ఆశ్చర్యమేమీ లేదు. ఈ ఊళ్లో వీధులూడ్చే పౌరకార్మికుల్లో కూడా చాలామంది ఇళ్లల్లో తెలుగే. తాతల కాలంలో మన వైపు నుంచి వచ్చిన కుటుంబాలు. ఐటీ తెలుగువాళ్లకి ఆ సంగతి పదేళ్లున్నా తెలియదు.

ఆవిడ మా బిల్డింగు గోనె ఒకటి విప్పి పార్సిల్ డబ్బా బయటికి తీసింది. అడుగున పప్పు ఎండిపోయి ఉంది. “దీన్ని ఎవరూ కొనరు మేడం. ఇది ఒక్కటి పడితే గోనెలో కాగితమంతా నూనె అయిపోద్ది. కిలో పోయినట్టే,” అంది. తర్వాత కడిగి ఆరబెట్టిన పాల ప్యాకెట్ల కట్ట ఒకటి, కడగనివి ఒకటి మా ముక్కు దగ్గర పెట్టింది. రెండోది పెట్టగానే మాలో ఇద్దరు వెనక్కి తగ్గారు. “మేం రోజంతా దీంట్లోనే చేతులు పెడతాం,” అని నవ్వింది. ఉపన్యాసం ఇవ్వలేదు. ఇంకో పని ఉందని వెళ్లిపోయింది.

మరుసటి వారం మేనేజరుగారి బాల్కనీలో బట్టల తీగ మీద పాల ప్యాకెట్లు క్లిప్పులు పెట్టి ఆరేసి కనిపించాయి. ఇప్పటికీ ఆరేస్తారు. తాబేళ్ల బొమ్మలు చేయలేని పని ఆ వాసన చేసింది. ఇంకొకటి కూడా జరిగింది. ఆ కేంద్రం నుంచి నెల నెలా వచ్చే చీటీని లిఫ్టు పక్కన అంటించడం మొదలుపెట్టాం. ఏ రకం ఎన్ని కిలోలు పోయింది, ఎక్కడికి పోయింది. చేతిరాతతో ఉన్న చీటీనే, ఏ రంగులూ లేకుండా. లిఫ్టు కోసం నిలబడ్డవాళ్లు చదువుతారు. అంతకు మించిన ప్రచారం నాకింతవరకు దొరకలేదు.

మీ ప్రాజెక్టులో సిద్ధాంతం పేరు కావాలంటే ఐజెక్ ఐజెన్ 1991లో రాసిన ప్రణాళికాబద్ధ ప్రవర్తన సిద్ధాంతం చూడండి. మనిషి ఇష్టం, చుట్టూ ఉన్నవాళ్ల అంచనా, ‘ఇది నా చేతుల్లో ఉంది’ అన్న నమ్మకం కలిస్తే ఉద్దేశం పుడుతుందని దాని సారం. ఇంకా పనికొచ్చేది సూసన్ మిషీ బృందం 2011లో ఇచ్చిన నమూనా. సామర్థ్యం, అవకాశం, ప్రేరణ మూడూ ఉంటేనే ప్రవర్తన అంటారు వాళ్లు. మనం జనానికి ప్రేరణ లేదని తిట్టుకునే చోట చాలాసార్లు లేనిది అవకాశం. టూ బీహెచ్‌కే వంటింట్లో సింకు కింద గ్యాస్ సిలిండరు, వాటర్ ఫిల్టర్ డబ్బా, బియ్యం బస్తా పోగా మూడు బుట్టలకు చోటేది? ఆ చోటు చూపించకుండా స్పృహ గురించి మాట్లాడితే వినేవాళ్లకి విసుగు పుడుతుంది. నేను ఇప్పుడు ఏ ఇంటికెళ్లినా ముందు సింకు కింద తలుపు తీసి చూస్తాను. కొందరు అదోలా చూస్తారు, చూడనీండి.

ఇక డబ్బు. మా పక్క కాంప్లెక్సులో అసోసియేషన్ వాళ్లు కలిపిన చెత్తకి 200 రూపాయల ఫైన్ పెట్టారు. నేను వద్దన్నాను, వినలేదు. మొదటి నెల తగ్గింది. రెండో నెల ఒక కుర్రాడి తలుపు కొడితే, చెవిలో హెడ్‌సెట్ ఒక పక్క తీసి, “రెండొందలేగా ఆంటీ, మెయింటెనెన్స్‌లో కలిపేయమనండి,” అన్నాడు. మర్యాదగానే అన్నాడు, పొగరేమీ లేదు. అంతకుముందు హౌస్‌కీపింగ్ ఆవిడ ఎదురుపడితే తల దించుకునేవాడే. ఇప్పుడు డబ్బు కడుతున్నాడు కాబట్టి అది ఒక సర్వీసు అయిపోయింది.

ఇది ఆ కుర్రాడి ఒక్కడి గుణం అనుకోకండి. ఇజ్రాయెల్లోని హైఫాలో పది డేకేర్ సెంటర్ల మీద ఇద్దరు ఆర్థికవేత్తలు, గ్నీజీ, రుస్తిచినీ చేసిన అధ్యయనం 2000లో అచ్చయింది. సాయంత్రం పిల్లల్ని ఆలస్యంగా తీసుకెళ్లే తల్లిదండ్రులకి కొన్ని సెంటర్లలో జరిమానా పెట్టారు. ఆలస్యాలు తగ్గకపోగా దాదాపు రెట్టింపయ్యాయి. తమాషా ఏమిటంటే, జరిమానా ఎత్తేశాక కూడా పాత స్థితి రాలేదు. పోయిన మొహమాటం మళ్లీ రాలేదన్నమాట. మన సమాజంలో మొహమాటం ఎంత పెద్ద శక్తో మీకు నేను చెప్పక్కర్లేదు. దాన్ని రెండొందలకి అమ్ముకోవడం నష్టపు బేరం.

అలాగని డబ్బు పనికిరాదనను. ఎలా పెట్టామన్నది ముఖ్యం. నీలగిరి కొండల్లో తాగిపడేసిన మద్యం సీసాలు అడవిలో పగిలి ఏనుగుల కాళ్లకు గుచ్చుకుంటున్నాయని మద్రాసు హైకోర్టు దాకా వెళ్తే, 2022లో అక్కడి ప్రభుత్వ మద్యం దుకాణాల్లో సీసాకి పది రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీ సీసా తెస్తే తిరిగిచ్చే పద్ధతి పెట్టారు. అమ్మిన సీసాల్లో తొంభై శాతానికి పైగా తిరిగొచ్చాయి. తాగినవాళ్లకి ఉన్నట్టుండి అడవి మీద ప్రేమ పుట్టలేదు. ఆ పది రూపాయలు తనవి. తనవి పోతే బాధ. 1979లో కానెమన్, ట్వెర్‌స్కీ చెప్పింది అదే, వచ్చే రూపాయి ఇచ్చే సంతోషం కన్నా పోయే రూపాయి పెట్టే బాధ ఎక్కువ. పైగా వాడు పడేసినా ఇంకొకడు ఏరి తెస్తాడు, ఎందుకంటే ఇప్పుడా సీసాకి ధర ఉంది.

మా చిన్నప్పుడు అనంతపురంలో గోల్డ్‌స్పాట్ సీసా ఇంటికి తెచ్చుకోవాలంటే కొట్టాయన దగ్గర డిపాజిట్ పెట్టాలి. చుట్టాలొస్తే మా నాన్న ఆరు సీసాలు తెప్పించి, వాళ్లు తాగడం అయ్యేదాకా నన్ను కాపలా పెట్టేవాడు, ఎక్కడ పగలగొడతారోనని. మేమందరం సర్క్యులర్ ఎకానమీలోనే ఉన్నాం, ఆ పేరు తెలియదంతే.

చుట్టూ ఉన్నవాళ్లు ఏం చేస్తున్నారన్నది ఇంకో పెద్ద విషయం. ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. తొలి రోజుల్లో నోటీసు బోర్డు మీద “మన బిల్డింగులో సగం మంది కూడా చెత్త వేరు చేయడం లేదు, ఇది సిగ్గుచేటు” అని పెద్ద అక్షరాలతో రాయించాను. చదివినవాళ్లకి అర్థమైంది ఏమిటి? సగం మంది పైగా చేయట్లేదు, నేనొక్కదాన్నే పిచ్చిదానిలా కడిగి ఆరబెడుతున్నాను. ఆ బోర్డు పెట్టిన నెల చేసేవాళ్లు కూడా తగ్గారు.

2008లో గోల్డ్‌స్టీన్, చాల్డీనీ, గ్రిస్కెవిషియస్ కలిసి అమెరికా హోటల్లో చేసిన ప్రయోగం దీనికి సరిగ్గా సరిపోతుంది. బాత్రూములో టవలు మళ్లీ వాడమని కార్డు పెట్టారు. పర్యావరణం కోసం వాడండి అన్న కార్డుకి సుమారు 35 శాతం మంది స్పందించారు. “ఈ హోటల్లో దిగిన ఎక్కువమంది మళ్లీ వాడుతున్నారు” అంటే 44 శాతం. “ఈ గదిలోనే దిగినవాళ్లు” అన్నప్పుడు 49 శాతం దాకా వెళ్లింది. ఆ గదిలో ఎవరు దిగారో ముక్కూ మొహం తెలియదు, అయినా ‘ఈ గది’ అన్న మాటకి అంత బలం. మేం దాన్నే అంతస్తులకి మార్చాం. “ఐదో అంతస్తులో పన్నెండు ఇళ్లకు పదిళ్లు చేస్తున్నాయి.” ఆ రెండిళ్లు ఏవో ఎప్పుడూ రాయలేదు, రాయకూడదు. వాళ్లకు తెలుసు, చాలు.

చెత్తని వదిలి రిపేరు, రీయూజ్, సెకండ్ హ్యాండ్ వైపు వస్తే లెక్క మారుతుంది. అక్కడ పరువు అడ్డొస్తుంది. తమిళనాడులో పసుపు గుడ్డ సంచి, మంజప్పై, ఒకప్పుడు ప్రతి ఇంట్లో ఉండేది. ప్లాస్టిక్ కవర్లు వచ్చాక ఆ సంచి పట్టుకున్నవాడు పల్లెటూరివాడు అనే ఎగతాళి మొదలైంది. 2021 డిసెంబరులో అక్కడి ప్రభుత్వం ‘మీండుమ్ మంజప్పై’, అంటే మళ్లీ పసుపు సంచి, అని ప్రచారం ఎత్తుకుని ముఖ్యమంత్రి చేతే దాన్ని పట్టించింది. గుడ్డ సంచి ప్రకృతికి మంచిదని ఎవరికి తెలియదు? తెలియనితనం అసలు సమస్యే కాదు. పట్టుకుంటే నలుగురూ ఏమనుకుంటారన్నదే సమస్య, కాబట్టి ఆ నలుగురూ చూసే మనిషి చేతిలో పెట్టారు.

మన ఇళ్లల్లో అడ్డం ఇంకో రకం. “ఎవరు వాడారో ఏమో” అన్న మాట. బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్డులో పాత ల్యాప్‌టాప్ భాగాలు కొని బిగించుకునే ఇంజనీరు కూడా వేరేవాళ్లు పడుకున్న మంచం అంటే వెనకాడతాడు. ల్యాప్‌టాప్ దగ్గర భయం వారంటీ గురించి. మంచం దగ్గర భయం వేరు, దానికి ఏ డిస్కౌంటూ మందు కాదు. అయితే అదే ఇంట్లో పురిటి బిడ్డకి మొదట తొడిగేది ఎవరో బిడ్డ వాడి వదిలిన మెత్తటి పాత బట్టే. అమ్మమ్మలు అడిగి మరీ తెప్పిస్తారు, ఆరోగ్యంగా పెరిగిన బిడ్డ బట్టలు కావాలని. అంటే పాతది పనికిరాదన్న నియమం మనకేమీ లేదు. ఎవరిది, ఎందుకు అన్నదే అసలు ప్రశ్న.

మేం అక్కడే పట్టుకున్నాం. బిల్డింగులో పసిపిల్లల సామాను మార్చుకునే గ్రూపు ఒకటి పెట్టాం. బట్టలు, ఉయ్యాల, నడక బండి. నామోషీ అన్నవాళ్లు లేరు. ఏడాదికి స్కూలు పుస్తకాలు వచ్చాయి, తర్వాత సైకిళ్లు, ఆ తర్వాత మిక్సీలు, కుర్చీలు. దుప్పట్లు మాత్రం ఇంతవరకు రాలేదు, ఇక రావు కూడా. నేను పట్టుబట్టను.

భోగి సంగతి కూడా ఇలాంటిదే. మా తెలుగు సంఘం ఏటా పార్కింగు వెనక ఖాళీ స్థలంలో భోగి మంట వేస్తుంది. ఒక ఏడాది విరిగిన ప్లాస్టిక్ కుర్చీ, స్పాంజి దిండ్లు కూడా పడ్డాయి. నల్లటి పొగ మూడో అంతస్తు దాకా పోయి, కన్నడవాళ్లూ మలయాళీలూ కిటికీలు మూసుకుని గ్రూపులో చివాట్లు పెట్టారు. మరుసటి ఏడు నేను పొగ వల్ల వచ్చే రోగాల గురించి రాసి పంపబోతుంటే కడప నుంచి వచ్చిన ఒక అవ్వ అడ్డుకుంది. “పిడకలు, కట్టెలు వేస్తారు గానీ ప్లాస్టిక్కు ఏందమ్మా భోగి మంటలో? పాతది ఇల్లు దాటాల, అంతే గదా,” అంది. పాతది ఇల్లు దాటాలి. అంతే. భోగి ముందు రోజు క్లబ్‌హౌస్‌లో రెండు బల్లలు వేశాం. ఇంట్లో అక్కర్లేనివి తెచ్చి పెట్టేయండి, కావలసినవాళ్లు తీసుకుంటారు, మిగిలింది గుజరీ అంగడికి, అంటే పాత సామాను కొనే కొట్టుకి, పోతుంది అన్నాం. మంటలో పిడకలు, ఎండు కొమ్మలు. ఇప్పుడా బల్లల మీదికి మలయాళీలు కూడా తెచ్చి పెడుతున్నారు.

సమయం గురించి ఒక ముక్క. వెర్‌ప్లాంకెన్, రాయ్ అనే ఇద్దరు ఇంగ్లండులోని పీటర్‌బరోలో 800 మంది మీద చేసిన అధ్యయనం 2016లో వచ్చింది. కొత్త ఇంట్లోకి మారిన మూడు నెలల లోపు చెప్తే పర్యావరణ అలవాట్లు బాగా అంటుకుంటాయని తేలింది. పాత అలవాట్లకి కొత్త ఇంట్లో ఇంకా మేకు దొరకని సమయమది. బెంగళూరులో పదకొండు నెలల అగ్రిమెంట్ల పుణ్యమా అని ఆ సమయం నిత్యం దొరుకుతూనే ఉంటుంది. అద్దెకొచ్చేవాళ్లకి తాళాలతో పాటే రెండు బుట్టలు, సంచి ఇస్తాం. పాలు పొంగించే రోజు ఎక్కడ పెట్టారో అక్కడే ఉండిపోతాయవి.

కష్టకాలం కూడా అలాంటి సమయమే, కానీ దాంట్లో ఒక మెలిక ఉంది. 2024 వేసవిలో నీళ్లకి కటకటలాడాం గుర్తుందిగా. జలమండలి కుళాయిలకు నీటి ధార తగ్గించే ఏరేటర్లు పెట్టమంది, మేం బిల్డింగంతా బిగించాం. అదే సమయంలో జనం షవరు మానేసి బకెట్ స్నానాలు చేశారు, బియ్యం కడిగిన నీళ్లు మొక్కలకి పోశారు. వానలు పడ్డాయి. బకెట్లు అటకెక్కాయి. ఏరేటర్లు మాత్రం అలాగే ఉన్నాయి, ఎందుకంటే వాటిని తీయడానికి పాన పట్టుకోవాలి, బద్ధకం. ఒకసారి చేస్తే ఉండిపోయే పనికీ, రోజూ చేయాల్సిన పనికీ కావలసిన ప్రేరణ ఒక్కటి కాదు. సర్వేల్లో రెండిటినీ ఒకే వరసలో పెట్టి అడుగుతుంటారు. మీరు విడదీయండి.

లిఫ్టు పక్కన చీటీ గురించి గొప్పగా చెప్పాను కదా, దాని వల్ల జరిగిన ఒక పొరపాటు కూడా చెప్పాలి. నెల నెలా పొడి చెత్త కిలోలు పెరుగుతుంటే గ్రూపులో చప్పట్ల బొమ్మలు పడేవి. నేనూ పొంగిపోయాను. ఒకరోజు లిఫ్టు దగ్గర ఏడో తరగతి పిల్ల అడిగింది, “ఆంటీ, ఎక్కువ చెత్త వస్తే మంచిదా?” నా దగ్గర జవాబు లేదు. ఆన్‌లైన్ పార్సిళ్లు పెరిగాయి, అట్టపెట్టెలు పెరిగాయి, రీసైకిల్‌కి పోతోందిగా అన్న నిశ్చింతతో ఇంకా పెరిగాయి. కాట్లిన్, వాంగ్ 2013లో అచ్చువేసిన ప్రయోగాల్లో ఇదే కనిపించింది. పక్కన రీసైక్లింగ్ బుట్ట ఉంటే జనం కాగితం ఇంకా ఎక్కువ వాడారు. మనస్సాక్షికి రశీదు దొరికేస్తుంది మరి. ఇప్పుడు చీటీలో మొత్తం చెత్త, అంటే తడి, పొడి, ఎర్ర బుట్టలో పడే రిజెక్టు మూడూ కలిపి, ఇంటికి ఎంత పడిందో రాస్తున్నాం. తగ్గితేనే చప్పట్లు. చప్పట్లు తక్కువే పడుతున్నాయి ఈ మధ్య.

మీ ప్రశ్నలో నాకు నచ్చనిది ఒకటుంది. ‘జనం’ అన్నప్పుడు మీ మనసులో ఉన్నది ఫ్లాట్లలో ఉండేవాళ్లే. సర్క్యులర్ ఎకానమీ ఈ దేశంలో నడుస్తున్నది గోనె సంచి భుజాన వేసుకున్నవాళ్ల వల్ల, పాత చీరలకి స్టీలు గిన్నెలిచ్చేవాళ్ల వల్ల, మిక్సీ రిపేరు చేసేవాళ్ల వల్ల, మీ బేస్‌మెంట్‌లో చేతులతో చెత్త ఏరే హౌస్‌కీపింగ్ వాళ్ల వల్ల. వాళ్ల ప్రేరణ ఏమిటని ఎవరైనా అడుగుతున్నారా? మా దగ్గర అట్టపెట్టెలు, పాత పేపర్లు అమ్మిన డబ్బు మొదటినుంచీ హౌస్‌కీపింగ్ వాళ్లదే. ఒక కొత్త కమిటీ వచ్చి, ఆ డబ్బు క్లబ్‌హౌస్ నిధిలో వేద్దాం, ఏసీ బాగుచేయిద్దాం అంది. చట్టప్రకారం తప్పేం లేదు. రెండు నెలల్లో గోనెల్లో అన్నీ కలిసిపోయాయి. ఎవరూ గొడవ చేయలేదు, ఎదురు చెప్పలేదు, చేతులు నెమ్మదించాయంతే. డబ్బు తిరిగిచ్చాక మళ్లీ సర్దుకుంది. ఆ రెండు నెలలు ఫ్లాట్లలో వాళ్ల ‘పర్యావరణ స్పృహ’ ఎంతుందో మీరు కొలిచి ఉంటే ఒక్క చుక్క కూడా తగ్గినట్టు తేలేది కాదు.

శానిటరీ ప్యాడ్ల విషయంలోనూ అంతే. కాగితంలో చుట్టి పైన ఎర్ర చుక్క పెట్టండి, ఏరేవాళ్లు విప్పి చూడకుండా పక్కన పెడతారు అని ఏళ్ల తరబడి చెప్పాం. ఫలితం అంతంతమాత్రం. మా హౌస్‌కీపింగ్ ఆవిడ ఒకసారి ఆడవాళ్ల మీటింగులో, “అమ్మా, నాకూ మీ వయసు కూతురుంది. ఇది విప్పి చూసి, చెయ్యి కడుక్కుని, అన్నం తింటాను,” అంది. అంతే. ఆ తర్వాత ఎర్ర స్కెచ్‌పెన్ లేని ఇల్లు లేదు. చేసేది ఎవరి కోసమో తెలిస్తే చేయడం తేలికవుతుంది. భూగోళం కోసం అంటే ఎవరి కోసమో అర్థం కాదు. ఈవిడ కోసం అంటే అవుతుంది.

మీ ప్రాజెక్టుకి వస్తే, ఆ ప్రశ్నాపత్రం పక్కన పెట్టండి. “పర్యావరణం మీకు ముఖ్యమా” బదులు “మొన్న మంగళవారం రాత్రి పార్సిల్ డబ్బా ఏం చేశారు” అని అడగండి. “ఎందుకు వేరు చేయరు” అని అడగకండి, ఎవరికైనా మొహం మాడిపోతుంది. “మీ బుట్ట ఇక్కడి నుంచి ఎక్కడికి పోతుందనుకుంటున్నారు” అని అడగండి. దానికొచ్చే జవాబునీ, కింద గోనెలో ఉన్నదాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. నా అనుభవం నిజమైతే ఆ రెండూ కలుస్తాయి. ఎక్కడికి పోతుందో తెలిసినవాళ్ల సంచులు శుభ్రంగా ఉంటాయి. కలవకపోతే మరీ మంచిది, నాకు రాయండి, నేనూ నేర్చుకుంటాను. హౌస్‌కీపింగ్ వాళ్లని పొద్దున్నే పని మధ్యలో కదిలించకండి, పదకొండింటికి టీ తాగేటప్పుడు కూర్చోండి. తెలుగులో పలకరించి చూడండి.

ఒక వారం పాటు అంతస్తువారీగా సంచులు తూచండి. త్రాసు కొనక్కర్లేదు, సూట్‌కేసులు తూచే కొక్కెం త్రాసు సరిపోతుంది, ఎవరింట్లోనైనా ఉంటుంది. గ్లవ్స్ మందంగా ఉన్నవి తీసుకోండి, పల్చటివి గాజు పెంకుకి ఆగవు. పుస్తకంలో అంతస్తు నంబరు రాసుకోండి గానీ ఫ్లాటు నంబరు మాత్రం ఎక్కడా రాయొద్దు. ఒకసారి నేను రాసుకున్న పుస్తకం కమిటీ చేతిలో పడింది. ఆ కథ ఇంకోసారి చెప్తాను.